జింకు తెచ్చిన తంటా

లరీసా ప్రోకోప్‌చక్‌తో నేను మాట్లాడిన మొట్టమొదటి మాట, "ముందు మొహం కడుక్కుని రండి."

జనవరి నెల. బయట మైనస్ ముప్ఫై రెండు. ఆ అమ్మాయి క్యాంపస్ ఆ చివర నుంచి ఈ చివరికి, చంకలో ఐసు డబ్బా పెట్టుకుని, గాలికి ఎదురు నడిచి వచ్చింది. కనురెప్పల మీద మంచు ఇంకా కరగలేదు. అలాంటి మనిషిని కాఫీ తాగుతారా అని అడగాలి. నేనేమో మొహం కడుక్కోమన్నాను.

"ఏమన్నారూ?" అంది.

"పౌడర్ రాసుకున్నారు కదా, అందులో జింకు ఉంటుంది. ఆ చెవిపోగులు కూడా తీసేయండి. స్వెటర్ బయట కొక్కేనికి తగిలించండి."

"ఇంకా నయం, గుండు కొట్టించుకోమనలేదు!"

తప్పు నాది కాదు, అది రూలు. నా పేరు రూబెన్ వీబ్. సస్కటూన్‌లో యూనివర్సిటీ వాళ్ల లోహాలు కొలిచే గదికి టెక్నీషియన్ని. ఏదైనా ప్రొటీన్ చిటికెడు తెచ్చిస్తే అందులో ఇనుమెంత, జింకెంత, రాగెంత అని మా మెషీన్ చెప్పేస్తుంది. దాని చూపు ఎంత చురుకంటే, పౌడర్ రవ్వంత ట్యూబులో రాలినా చాలు, ఆ రోజు పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకే తలుపు మీద నా చేత్తో నేనే పెద్దపెద్ద అక్షరాలతో రూల్సు రాసి అంటించాను. వాటిని పాటించని ప్రొఫెసర్లని సైతం గుమ్మంలోంచే తిప్పి పంపిన ఘనుణ్ని.

అయిదు నిమిషాల తర్వాత ఆమె తిరిగొచ్చింది. చన్నీళ్లకి మొహం ఎర్రగా కందిపోయింది. పౌడర్ లేకపోతేనే బాగుందనిపించింది. అనిపించిన ప్రతి మాటా పైకి అనేస్తే ఉద్యోగాలు నిలబడవు కాబట్టి, "డబ్బాలో ఏముంది?" అని అడిగాను.

"నా అయిదేళ్లు," అంది.

"అంటే?"

"మనిషి కాలేయంలో ఉండే ఎంజైమ్. అందులో ఒక గుంట ఉంటుంది, పనంతా ఆ గుంటలోనే. నడుమ ఒక లోహపు అయాన్ కూర్చుని ఉంటుంది. ఇరవయ్యేళ్లుగా అందరూ అది జింకే అంటున్నారు. నేను కాదంటున్నాను. అది ఇనుము."

"ఏదైతే ఏముంది? ఏదో ఒకటి కూర్చుంటే సరిపోయె."

ఆమె నన్ను పురుగుని చూసినట్టు చూసింది. "ఈ మాట మా ప్రొఫెసర్ ముందు అనకండి, తరిమి కొడుతుంది. ఇనుముకి చుట్టూ పట్టుకుని కూర్చునే పరమాణువులు ఆరుగురు కావాలి. జింకుకి నలుగురు చాలు. ఇనుము కూర్చుంటే గుంట నోరు తెరుచుకుని ఉంటుంది. జింకు కూర్చుంటే అందరూ దగ్గరికి జరిగిపోతారు, నోరు మూతపడుతుంది. ఒక్కటంటే ఒక్క అయాన్ మారితే మొత్తం ఆకారమే మారిపోతుందండీ! ఇన్నాళ్లూ మూతపడ్డ నోటికి సరిపోయే మందుల కోసం వెతుకుతున్నారు. ఎలా దొరుకుతాయి?"

"మరి వాళ్లందరికీ జింకు ఎందుకు కనబడింది?"

"గాలి తగిలితే ఇనుము జారిపోతుంది. ఖాళీ అయిన కుర్చీలో దారినపోయే జింకు వచ్చి కూర్చుంటుంది. అందుకే నేను గాలి లేని పెట్టెలో పనిచేస్తాను. ఆ అద్దాల పెట్టెకి రబ్బరు తొడుగులు ఉంటాయి, వాటిలోకి మోచేతులదాకా చేతులు దూర్చి రోజుకి ఏడు గంటలు. ముక్కు దురద పెడితే గోక్కునే దిక్కు కూడా లేదు."

నవ్వాను. ఆమె నవ్వలేదు. కాసేపాగి తనూ నవ్వింది. ఆ క్షణానే పడిపోయానని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

తర్వాత రెండు వారాలకోసారి, బుధవారం బుధవారం వచ్చేది. మార్చి వచ్చేసరికి మొహం కడుక్కునే వచ్చేది. ఏప్రిల్‌కి 'నువ్వు' అనుకునేదాకా వచ్చాం. బుధవారం కాని రోజుల్లో నేను మెషీన్‌కి లేనిపోని రిపేర్లు చేస్తూ కాలం గడిపేవాణ్ని.

జూన్‌లో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వడగళ్ల వాన. ఇద్దరం సైకిళ్లు పట్టుకుని బిల్డింగు చూరు కింద ఇరుక్కుపోయాం.

"తగ్గేదాకా ఆగుదాం," అన్నాను.

"తగ్గకపోతేనో?"

"ఇక్కడే ఉందాం. నా బ్యాగులో రెండు మఫిన్లున్నాయి."

"రెండు మఫిన్లతో ఎన్నాళ్లు బతుకుతాం?"

"నేను తినను. నీకే."

ఓరకంట చూసింది. జుట్టు చివర్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఏదో అనబోయింది. సరిగ్గా అప్పుడే దిక్కుమాలిన ఎండ కాసింది. మా ప్రెయిరీ మైదానాల వానని నమ్ముకున్నవాడు బాగుపడడు.

జులైలో ఆమెకి పరీక్ష తారీఖు ఖాయమైంది, ఆగస్టు పద్నాలుగు. అయిదేళ్ల పనినీ కమిటీ ముందు నిలబెట్టి సమర్థించుకోవాలి. సెప్టెంబరు ఒకటి నుంచి ఊళ్లోనే టీకాల పరిశోధన సంస్థలో ఉద్యోగం సిద్ధంగా ఉంది. ఆ లోపు డాక్టరేట్ చేతికి రాకపోతే ఆ సీటు ఇంకొకరిది. ఇంత కచ్చితంగా చెప్పారు వాళ్లు.

"చివరి కొలతలకి మూడు ట్యూబులు తెస్తాను. అవి సరిగ్గా వస్తే గండం గట్టెక్కినట్టే," అంది. ఆ మాట అనేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. ఊరికే పట్టుకుందో, కావాలని పట్టుకుందో నాలుగు రోజులు ఆలోచించాను.

ఆ వారమే మా అక్క లీనా నాకొక పని అంటగట్టింది. బావ ఉత్తరాన గనిలో రెండు వారాల డ్యూటీకి వెళ్లాడు. డేకేర్‌కి సెలవులు. "మధ్యాహ్నం పూట గంటన్నర పాపని చూసుకోరా, పుణ్యముంటుంది," అంది. పాప పేరు టిల్లీ. ఏడు నెలలు. రెండు పళ్లు, బోలెడంత పొగరు. బండిలో వేసుకుని నది ఒడ్డున తిప్పేవాణ్ని.

ఒకరోజు ఐస్‌క్రీమ్ బండి దగ్గర టిల్లీ ముక్కు తుడుస్తుంటే, దూరంగా సైకిల్ మీద లరీసా కనబడింది. చెయ్యి ఊపాను. ఆమె మా ఇద్దర్నీ చూసింది. సైకిల్ తిప్పేసుకుని వంతెన మీదుగా వెళ్లిపోయింది. చూడలేదేమో అనుకున్నాను. నా అంత తెలివైనవాడు ఊళ్లో ఇంకొకడు ఉండడు.

మర్నాడు ట్యూబులు తెచ్చింది. "ఇవిగోండి. రిపోర్టు ఎప్పుడిస్తారు?"

"అదేంటి, ఉన్నట్టుండి 'మీరు'?"

"పెద్దమనుషుల్ని గౌరవించాలి కదా." డబ్బా బల్ల మీద పెట్టి, నేను తన కోసం ఉంచిన మఫిన్ వైపైనా చూడకుండా వెళ్లిపోయింది.

నా మనసు మనసులో లేదు. మధ్యాహ్నం పాప దగ్గరికి పరిగెత్తి, తిరిగి పరిగెత్తుకొచ్చి, గ్లవ్స్ వేసుకుని ఆ మూడు ట్యూబులూ తెరిచి యాసిడ్‌లో కలిపి మెషీన్‌కి ఎక్కించాను. లెక్కలొచ్చాయి. ఒక్కో ఎంజైమ్ అణువుకి ఇనుము మూడింట్లోనూ సున్నా పాయింట్ తొమ్మిది. జింకు మాత్రం ఒకదాంట్లో సున్నా పాయింట్ మూడు, ఇంకోదాంట్లో ఒకటీ పాయింట్ ఆరు, మూడోదాంట్లో సున్నా పాయింట్ ఎనిమిది.

మూడు ట్యూబులు ఒక మాట చెప్పకపోతే ఆగాలి. ఆగి ఎందుకని అడగాలి. కొత్తగా చేరినవాళ్లకి నేను మొదట నేర్పే పాఠం అదే. ఆ రోజు నా బుర్రలో ఆ 'మీరు' ఒక్కటే గింగిర్లు తిరుగుతోంది. మూడూ కూడి, మూడుతో భాగించి, జింకు సున్నా పాయింట్ తొమ్మిది అని రాసి సంతకం పెట్టేశాను.

గంటలో లరీసా ఊడిపడింది. కాగితం నా బల్ల మీద కొట్టింది.

"ఏంటిది? గుంట ఒకటే, కుర్చీ ఒకటే. ఇనుమూ కూర్చుంది, జింకూ కూర్చుంది అని రాశారు! ఒకళ్ల ఒళ్లో ఒకళ్లు కూర్చున్నారా?"

"మెషీన్ అబద్ధం చెప్పదు."

"మెషీన్ చెప్పదు, మనుషులు చెబుతారు! మూడు ట్యూబుల్లో మూడు రకాలుగా వస్తే సగటు తీసేస్తారా? ఇదేమైనా పరీక్ష మార్కులా?"

"నీ పెట్టెలోకే గాలి చేరిందేమో చూసుకో. పోల్చుకోవడానికి ఉత్త నీళ్ల ట్యూబు కూడా కొలిచాను, శుభ్రంగా ఉంది. నా గది శుభ్రంగా ఉంది!"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదు, ఒళ్లుమంట. "కొత్తగా తయారు చేయాలంటే ఆరు వారాలు పడుతుంది. నాకున్నవి పదహారు రోజులు. మిగిలింది ఒకే ఒక్క ట్యూబు. ఈ కాగితంతో కమిటీ ముందుకెళితే వాళ్లే తేల్చేస్తారు, ఇరవయ్యేళ్ల నుంచి అంటున్న జింకే నిజం, ఈ పిల్ల ఇనుము కలగందీ అని." తలుపు దగ్గర ఆగింది. "మీ ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి."

నా ఆవిడా? ఎవరావిడ? అడిగేలోపే వెళ్లిపోయింది.

రెండు రోజులు తిండి సయించలేదు. మూడో రోజు టిల్లీకి డైపర్ మారుస్తున్నాను. పిల్ల కాళ్లు ఝాడించి నా చొక్కాకంతా తెల్లటి క్రీము పూసింది, రోజూ పూస్తున్నట్టే. తుడుచుకుంటూ క్రీము ట్యూబు వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివాను. జింక్ ఆక్సైడ్, నలభై శాతం.

"లీనా!" అని అరిచాను. అప్పుడే ఇంటికొచ్చిన అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొస్తే, క్రీము ట్యూబు చూపించాను. "ఏంటిది?"

"పాప పిర్రలకి రాసే క్రీము. ఎందుకురా ఆ కేకలు?"

"ఇందులో జింకు ఉంది!"

"ఉంటే? దద్దుర్లు తగ్గడానికేగా."

నా చొక్కా చేతి అంచు చూసుకున్నాను. ఎండి అట్టకట్టిన తెల్లటి మరక. గ్లవ్ వేసుకున్నా ఆ అంచు బయటే ఉంటుంది. ఉత్త నీళ్ల ట్యూబు పొద్దున నింపాను, పాప దగ్గరికి వెళ్లకముందు. లరీసా ట్యూబులు మధ్యాహ్నం తెరిచాను, వెళ్లొచ్చాక. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఊరందరి మొహాలూ కడిగించిన నేను, నా చేతి అంచు చూసుకోలేదు.

"అయిపోయింది లీనా! ఆ అమ్మాయి అయిదేళ్లూ నాశనం చేశాను."

"ఏ అమ్మాయి?" అక్క కళ్లు మెరిశాయి.

"ఉందిలే ఒకావిడ. సైన్సు విషయం."

"సైన్సు అయితే చెవులెందుకురా అంత ఎర్రబడ్డాయి? పో, వెళ్లి చెప్పు. ఇక్కడ కూర్చుని నెత్తి కొట్టుకుంటే ఏమొస్తుంది?"

ముందు గదికి వెళ్లి ఆ మరకని తడి బట్టతో తుడిచి మెషీన్‌కి పెట్టాను. జింకు గీత కాగితం పై అంచుదాకా లేచిపోయింది. ఆ కాగితం చొక్కా లోపల దాచుకుని, కుండపోత వానలో సైకిల్ తొక్కుకుంటూ ఆమె ల్యాబుకి వెళ్లాను.

లరీసా అద్దాల పెట్టె ముందు కూర్చుని ఉంది. రెండు చేతులూ మోచేతులదాకా లోపలే. నన్ను చూసి లేవబోయింది, లేవలేకపోయింది. చేతిలో ఉన్నది ఆఖరి ట్యూబు.

"ఇప్పుడు మాట్లాడలేను, వెళ్లండి."

"నువ్వు మాట్లాడకు, నేను చెబుతాను. ఆ జింకు నీది కాదు. నాది."

చెప్పేశాను. డైపరు, క్రీము, చొక్కా అంచు, సగటు తీసి సంతకం పెట్టిన సంగతి, ఏదీ దాచలేదు. నా బట్టల నుంచి కారిన నీళ్లు నేల మీద మడుగు కట్టాయి.

ఆమె నా చొక్కా వైపు చూసింది. "డైపర్ క్రీమా?"

"అవును."

"మీ పాపదా?"

"మా అక్క పాప. నా మేనకోడలు. బావ గనికి వెళ్లాడు, డేకేర్‌కి సెలవులు."

"మీ ఆవిడ..."

"ఎక్కడుంది ఆవిడ? నువ్వు నమస్కారాలు పంపిన దగ్గర్నుంచీ నేనూ వెతుకుతున్నాను!"

ముందు పెదవి వణికింది. తర్వాత భుజాలు. పెట్టెలో చేతులు ఇరుక్కున్నాయి కాబట్టి మొహం దాచుకునే వీలు లేదు. నవ్వుతూనే కళ్లనీళ్లు కార్చేసింది. "గాడిద! ఎంత గాడిదవి నువ్వు! నాలుగు రోజుల నుంచి నేను..." అని ఆగిపోయింది.

"నువ్వు?"

"ఏం లేదు. ముందు ఈ ముక్కు గోకు. చచ్చిపోతున్నాను."

గోకాను. జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు.

తర్వాత ఆమె నవ్వడం మానేసింది. చేతిలోని ట్యూబు వైపు చూసింది. "ఇది కూడా పోతే నాకిక ఏమీ లేదు, రూబెన్. ఉద్యోగమూ లేదు, థీసిసూ లేదు."

"తెలుసు. పక్క రాష్ట్రంలో, ఎడ్మంటన్‌లో నా స్నేహితుడి దగ్గర ఇలాంటి మెషీనే ఉంది. అతనికి పంపించు. నేను ముట్టుకోను."

"దారిలో కరిగితే?"

"ఐసు ఎక్కువేసి..." అనబోయాను.

"నువ్వే చెయ్యి," అంది. "నా కళ్లముందు."

మర్నాడు పొద్దున్నే చేశాం. మోచేతుల పైదాకా మూడుసార్లు కడుక్కున్నాను. పొట్టి చేతుల చొక్కా, కొత్త కోటు, రెండు జతల గ్లవ్స్. ఉత్త నీళ్ల ట్యూబుని ఆమె ట్యూబు పక్కనే, అప్పుడే తయారు చేశాను. ఆమె నా భుజం పక్కనే నిలబడి ప్రతి చుక్కా లెక్కపెట్టింది.

తెర మీద అంకెలు వచ్చాయి. ఉత్త నీళ్లలో ఏమీ లేదు. లరీసా ట్యూబులో ఇనుము సున్నా పాయింట్ తొమ్మిది నాలుగు. జింకు సున్నా పాయింట్ సున్నా మూడు.

"ఇంకోసారి చూడు," అంది. చూశాను. అదే. "మళ్లీ!" మళ్లీ అదే. ఆమె అమాంతం నా మెడ పట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. మెషీన్ ఒక్కటే ఏడవలేదు.

పద్నాలుగో తేదీన నేను హాలు వెనక వరుసలో కూర్చున్నాను. లరీసా నలభై నిమిషాలు మాట్లాడింది. బొమ్మల్లో ఆ గుంట నోరు తెరుచుకుని, నడుమ ఇనుము, చుట్టూ ఆరుగురు. ఇంకో యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు కళ్లజోడు సవరించుకున్నాడు.

"మీ థీసిస్ అనుబంధంలో రెండు రిపోర్టులున్నాయి. మొదటిదాంట్లో జింకు బాగా ఉంది. నచ్చింది ఉంచుకుని నచ్చనిది వదిలేశారని నేనెందుకు అనుకోకూడదు?"

లరీసా నా వైపు చూడలేదు. "సాంకేతిక కారణాల వల్ల..." అని మొదలుపెట్టింది. నన్ను కాపాడాలని చూస్తోంది, ఆ మాట అక్కడికక్కడే తేలిపోతోంది.

లేచి నిలబడ్డాను. "కారణం నేనండీ. చొక్కాకి పాప క్రీము అంటుకుంది. అందులో నలభై శాతం జింకు. మూడు లెక్కలు పొంతన లేకపోతే సగటు తీసి సంతకం పెట్టాను. ఆమె అన్నదే నిజం, నా రిపోర్టు తప్పు. మరక కొలిచిన కాగితం ఇదిగో."

ఆయన కాగితం తీసుకుని చదివాడు. చదువుతూ చదువుతూ నవ్వాడు. "మా ల్యాబులో ఒకసారి హాకీ కర్రకి చుట్టే రబ్బరు టేపులోని జింకుతో ఇదే జరిగింది. ఎవడూ ఒప్పుకోలేదు, ఆర్నెల్లు పోయాయి. కూర్చో బాబూ." తర్వాత లరీసాతో, "ఇక నాకు ప్రశ్నలు లేవు," అన్నాడు.

ఆమెని బయట ఉండమన్నారు. కమిటీ తలుపు మూసుకుని మాట్లాడుకోవాలి. కారిడార్లో మేమిద్దరమే. ఆమె గోడకి ఆనుకుని నిలబడింది.

"ఎందుకు లేచావు? నీ ఉద్యోగానికి మాట వస్తుంది."

"వస్తే రానీ. లరీసా, ఒక మాట. తలుపు తెరవకముందే చెప్పాలి. పాసయ్యాక చెబితే డాక్టరమ్మని చూసి చెప్పాడంటావు. ఫెయిలయ్యాక చెబితే జాలి అంటావు. అందుకని ఇప్పుడే. నువ్వంటే నాకు ప్రాణం. జనవరి నుంచీ. నువ్వు రాని వారాల్లో నేను బాగున్న మెషీన్ని విప్పి బిగించాను."

ఆమె నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. ఆమె ప్రొఫెసర్, తెల్లజుట్టు మెకాస్కిల్ మేడమ్, రెండు చేతులూ చాచి, "లోపలికి రండి, డాక్టర్ ప్రోకోప్‌చక్!" అంది.

లరీసా కదల్లేదు. "ఒక్క నిమిషం ఆగండి మేడమ్. ఇక్కడ ఇంకో జవాబు చెప్పాలి."

మేడమ్ నన్ను చూసింది, లరీసాని చూసింది. "అయిదేళ్లు ఆగాం, నిమిషానికేం వచ్చింది," అని గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడింది.

"ఆదివారం మా ఇంటికి భోజనానికి రా," అంది లరీసా నాతో. "మా అమ్మ బంగాళాదుంప కూరి ఉడకబెట్టిన పెరోగీలు నలభై పెడుతుంది, ఒక్కటి మిగిల్చినా ఊరుకోదు. మా నాన్నకి నీ సంగతి చెప్పేశాను."

"ఎప్పుడు?"

"నిన్న."

"నిన్న నేనింకా అడగనేలేదు కదా!"

"నువ్వు అడిగేదాకా ఆగితే నాకు పెన్షన్ వస్తుంది," అని నా చెంప మీద గట్టిగా ముద్దు పెట్టి, డాక్టర్ లరీసా ప్రోకోప్‌చక్ లోపలికి వెళ్లిపోయింది.

కారిడార్లో నేల మీదే కూలబడ్డాను. లోపల చప్పట్లు కొడుతున్నారు. ఆదివారానికి ఇంకా రెండు రోజులున్నాయి.